ఆదివారం బొట్టు

భద్రాచలం బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే నాకు ఆ రోజు సగం గండం గడిచినట్టే. పాల్వంచ దాటి రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలవగానే తల కిటికీ వైపు తిప్పుకుని, కొంగుతో చెమట తుడుచుకుంటున్నట్టు చేసి, నుదుటి మీది స్టిక్కరు బొట్టును గోటితో లేపేదాన్ని. హ్యాండుబ్యాగు మూత తెరిచి దాన్ని లోపలి వైపు అంటించేదాన్ని. తేలు కుట్టిన దొంగ కూడా అంత గుట్టుగా ఉండడు. మా స్టేజీ వచ్చి దిగేసరికి నా నుదురు ఖాళీ. మధ్యాహ్నం మళ్లీ బస్సెక్కేటప్పుడు అదే బొట్టు పెట్టుకుందామంటే జిగురు పోయి, గుడ్డ నూగు అంటుకుని, నిలిచేది కాదు. దాన్ని అక్కడే వదిలేసి ప్యాకెట్లోంచి కొత్తది తీసి పెట్టుకునేదాన్ని. అలా ఆదివారానికొకటి చొప్పున ఆ బ్యాగు మూత లోపల ఎర్ర చుక్కలు పేరుకుపోయాయి.

నేను యేసుప్రభువును నమ్ముకున్నదాన్ని. కాగితం మీద ఇంత తేలిగ్గా రాసేశాను గానీ, ఈ ముక్క నోటితో అనడానికి నాకు సగం జీవితం పట్టింది. అన్నాక ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివి ఎవరికైనా ధైర్యం వస్తుందన్న ఆశ నాకేమీ లేదు.

ఖమ్మంలో ఖానాపురం హవేలిలో మా ఇల్లు. మా ఆయనకు వైరాలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉండేది. రోజూ బండి మీద పోయి వచ్చేవాడు. అత్తగారి వాళ్లు వైరా కాలువ కింద పొలాలున్న రైతులు. నేను మధిర అవతలి నుంచి వచ్చిన పిల్లని. పెళ్లయిన కొత్తలో నేను 'వెళ్లాను, వచ్చాను' అంటుంటే మా ఆడపడుచు, అంటే ఆయన అక్క, నా మాట విరిచి అని చూపించి పడీపడీ నవ్వేది. వాళ్ల యాస నాకు రాలేదు గానీ వాళ్ల భయం మాత్రం చక్కగా ఒంటబట్టింది. గేటుకు రంగు వేయించాలన్నా, చావు ఇంటికి ఏ పూట వెళ్లాలన్నా, ఆ ఇంట్లో ముందు వచ్చే మాట ఒకటే: మంది ఏమంటరు. మా అత్తమ్మ ఆ మాట అనుకోనిదే పొయ్యి కూడా వెలిగించేది కాదు. చిన్నవయసులోనే భర్త పోయి, ఇద్దరు పిల్లలతో మంది మధ్యన మంది చెప్పినట్టు బతికిన మనిషి. లోకులు పలుగాకులని మాకందరికీ తెలుసు. తెలిసీ ఆ కాకుల కోసమే బతికేవాళ్లం.

అలాంటి ఇళ్లల్లో ఒక కోడలు చర్చికి వెళ్తుందంటే అది మతం మారడంతో ఆగదు. కులం పోగొట్టుకున్నట్టు లెక్క. ఎవరి పక్కన కూర్చుంటోంది, ఎవరి చేతి నీళ్లు తాగుతోంది, రేపు దాని చేతి నీళ్లు మనం ఎట్లా తాగాలి అని మాట్లాడుకుంటారు. మొహాన అడగరు. పిలుపులు మానేస్తారు, అంతే. వేరే ఇంటి కోడలి గురించి మా వాళ్లు ఇలా మాట్లాడుకుంటుంటే వాళ్లకు టీలు అందించింది నేనే కాబట్టి నాకు ఇదంతా కంఠస్థం.

మాకు ఒక ఆడపిల్ల పుట్టింది. బడికి వెళ్లే వయసులో మెదడువాపు జ్వరం వచ్చి ఖమ్మం దవాఖానాలో పోయింది. నా వాళ్లందరూ వచ్చారు. పూర్వజన్మ పాపమన్నారు, నా జాతకమన్నారు, మళ్లీ పుడుతుందిలే అన్నారు. మళ్లీ ఎవరూ పుట్టలేదు. పక్క మంచం మీద మనవణ్ని పెట్టుకుని కూర్చున్న ఒక ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. లేచి వచ్చి, నా తల తన ఒళ్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని ఏడ్చింది. ముక్కూమొహం తెలియని మనిషి నా బిడ్డ కోసం ఏడుస్తుంటే నేను గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. అక్కా అని పిలవడం అప్పుడే అలవాటైంది. అక్క భర్త కొత్తగూడెంలో బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యాడు. పాల్వంచ అవతల అడవి అంచున ఒక ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, అదే వాళ్ల చర్చి.

కొన్నాళ్లకు అక్కను చూసి వద్దామని వెళ్లాను. అది ఆదివారం. షెడ్డులో చాపల మీద కూలీ పనివాళ్లు, అడవిలో తునికాకు కోసే కోయ ఆడవాళ్లు, రిటైరైన బాయి పనివాళ్లు కూర్చుని ఉన్నారు. ఒక పాట తెలుగులో పాడారు, ఒకటి కోయ భాషలో పాడారు. ఆ అర్థం కాని పాట నడుస్తుండగా నాకు ఏడుపొచ్చింది. బిడ్డ పోయాక అదే మొదటిసారి. అంతకుముందు ఏడవలేదు, ఎవరన్నా చూసి ఇంత గట్టిగా ఏడుస్తోందేమిటి అంటారో, ఇంతేనా ఏడ్చేది అంటారో అని. ఆ షెడ్డులో నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఒక్కరూ తల తిప్పి చూడలేదు. దేవుడనేవాడు ఉంటే ఇక్కడ ఉంటాడనిపించింది. ఆ తర్వాత నాకు ఇంకెక్కడా మనసు నిలవలేదు.

మరి ప్రతి ఆదివారం ఎక్కడికి పోతున్నావంటే ఏం చెప్పను? నోటికి వచ్చిందే చెప్పేశాను: బిడ్డ పేరు మీద భద్రాచలం రాములవారికి మొక్కుకున్నాను, దర్శనానికి వెళ్తున్నాను అని. ఒక అబద్ధానికి వంద అబద్ధాలు తోడు కావాలంటారు. నా అబద్ధానికి లడ్డూలు తోడయ్యాయి. ప్రార్థన అయ్యాక మళ్లీ బస్సు పట్టుకుని భద్రాచలం పోయి, ప్రసాదం లడ్డూలు కొని, తిరుగు బస్సులో ఇంటికి వచ్చి వీధిలో పంచేదాన్ని. దాంతో వీధివాళ్లు నేను వెళ్లే ముందు కొబ్బరికాయలు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. పిల్లాడి పరీక్షకని ఒకరు, కూతురి కాన్పుకని ఒకరు. నా అబద్ధం నాది గానీ వాళ్ల కొబ్బరికాయ వాళ్లది కదా. వాళ్ల నమ్మకాన్ని తీసుకెళ్లి అడవిలో పారేయడానికి నాకు చేతులు రాలేదు. గుడి మెట్లెక్కి, లైన్లో నిలబడి, ఎవరి పేరున వాళ్లది కొట్టించి, చెక్కలు ఎవరివి వాళ్లకు అప్పజెప్పేదాన్ని. ఆ రాములవారిని నేను ఏమీ కోరలేదు. కోరుకున్నవాళ్ల కాయలు మోశానంతే. గోదావరి పొంగి రోడ్డు మునిగిన రోజుల్లో కొబ్బరికాయలతో సహా అక్క ఇంట్లో ఆగిపోయేదాన్ని. అప్పుడు అక్క మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

పదిమందిలో నాకు పేరు వచ్చింది. ఏం భక్తి, ఏం నిష్ఠ అన్నారు. మా ఆడపడుచు తన కూతురి పెళ్లిలో ముత్తయిదువుల వరసలో నన్ను ముందు కూర్చోబెట్టింది. ఆ మర్యాదంతా అబద్ధానికి దక్కింది. నిజానికి ఏం దక్కుతుందో తెలుసు కాబట్టి నోరు మూసుకుని పసుపు రాయించుకున్నాను.

షెడ్డులో ప్రార్థన నడిపే పాస్టరయ్య బాప్తిస్మం తీసుకోమని అడుగుతుండేవాడు. ఊరి వెనక వాగులో ఇస్తారు. నేను వచ్చే నెల, వచ్చే నెల అనేదాన్ని. అది తీసుకున్నాక కూడా బస్సులో బొట్టు అంటించుకుని ఇంటికి వెళ్తే ఇక నా మొహం నేనే చూసుకోలేనని నా బాధ. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని అక్కను అడిగాను, బొట్టు పెట్టుకుంటే పాపమా అని.

"బొట్టుంటే దేవునికేం నొప్పి చెల్లె? నీకు భయమున్నది చూడు, గదే నొప్పి" అంది.

ఆ మాట బస్సులో దారంతా నాతో వచ్చింది. అప్పుడే అనుకున్నాను: ఒక్కసారి, ఒక్క పూటైనా, మా వాళ్లందరి మధ్య ఖాళీ నుదురుతో కూర్చుని నేను ఇదీ అని చెప్పాలి. అదీ మా ఆయన బతికి ఉండగా చెప్పాలి. మా ఇళ్లల్లో భర్త ఉన్న ఆడదాని నుదుట బొట్టు లేకపోతే ఏమిటీ సంగతని అడుగుతారు. భర్త పోయాక అదే నుదురు చూసి ఎవరూ ఏమీ అడగరు. అయ్యో అంటారు. నేను అప్పుడు ఎంత మొత్తుకున్నా అది విధవరాలి నుదురే, విశ్వాసి నుదురు కాదు. నా సాక్ష్యానికి గడువు మా ఆయన ఆయుష్షు. ఆయన అప్పటికి గుండ్రాయిలా ఉన్నాడు కాబట్టి గడువు బోలెడుందనుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. మొదట్లో స్టిక్కరు ప్యాకెట్లు నేనే కొనుక్కునేదాన్ని. ఒకసారి బీరువా తాళంచెవి కోసం మా ఆయన నా బ్యాగు వెతికాడు. ఆ తర్వాత నుంచి వైరా నుంచి వచ్చేటప్పుడు అప్పుడప్పుడూ అడక్కుండానే ఒక ప్యాకెట్టు తెచ్చి టీవీ మీద పెట్టేవాడు. ఇప్పుడెందుకండీ అంటే, "జల్దీ అయిపోతున్నయ్ గద" అన్నాడు, కళ్లు టీవీ మీదే ఉంచి. దుకాణం నడిపే మనిషి, సరుకు అయిపోకముందే తేవడం అలవాటు కాబోలు అనుకున్నాను. నాకు బుర్రంటూ ఉంటే ఆ రోజే తెలిసి ఉండాల్సింది.

ఆయనకు గొంతులో పుండు పడింది. పొగాకు అన్నారు, పురుగుమందుల వాసన అన్నారు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి గొంతుకు రంధ్రం పెట్టారు. మాట పోయింది. కొన్నాళ్లకు జబ్బు మళ్లీ తిరగబెట్టింది, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆసుపత్రి మంచం ఒకటి కిరాయికి తెచ్చి ముందు గదిలో వేశాం. ఆయన నన్ను పిలవాలంటే ఆ మంచం ఇనుప ఊచ మీద ఉంగరంతో కొట్టేవాడు. వంటింట్లో గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడి పరిగెత్తేదాన్ని.

మనుషుల ముందు ప్రభువును దాచుకున్నవాళ్లను ఆయన కూడా తన వాళ్లని చెప్పుకోడని ఒక ఆదివారం పాస్టరయ్య అన్నాడు. నన్ను చూసి అనలేదు గానీ తగలాల్సింది నాకే తగిలింది. ఇక బేరం మొదలుపెట్టాను. ప్రభువా, నిన్ను అందరి ముందూ ఒప్పుకుంటాను, ఈయన్ని నాకు వదిలెయ్యి. అక్కతో అంటే ఎప్పుడూ కోపం రాని మనిషి కసురుకుంది.

"దేవుడేమన్న మీ ఆయన లెక్క దుకాణం పెట్టుకున్నడా, గిదిస్తే గదిస్త అననీకి? ఒప్పుకునేదుంటే ఊకెనే ఒప్పుకో."

ఊరికే ఒప్పుకునే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు లడ్డూలెందుకు మోస్తాను? ఇంటికి వచ్చి ఆయనకు గొట్టంలో గంజి పోస్తూ అదే బేరం మళ్లీ ఆడాను. ఆయన రోజురోజుకూ మంచానికి అంటుకుపోతున్నాడు. నా గడువు నా కళ్ల ముందే కరిగిపోతోంది, అయినా నా నోరు పెగలదు. నా మీద నాకు అసహ్యం వేసేది.

ఆ రోజు ఇంటినిండా చుట్టాలు. చూసిపోవడానికి వచ్చారు, అంటే ఇక ఎక్కువ రోజులు లేవని అందరికీ తెలుసు. అత్తమ్మ మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. వీధి ఆడవాళ్లు గుమ్మం దాకా ఉన్నారు. మా ఆడపడుచు అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకుంది. డాక్టర్లతో కాలేదు, ఇక నీ వల్లనే కావాలంది.

"నీ మాట రాములోరు వింటడు. ఇన్నేండ్లు ఎండనక వాననక నడిచినవ్. రేపు పొయ్యి మా తమ్ముని పానం అడుక్కొని రా."

గుమ్మంలో వాళ్లు అవునవునన్నారు. పట్టుబట్టలు, కుంకుమ పొట్లం, కొబ్బరికాయలు ఒక సంచిలో అప్పటికే సర్దేసి ఉన్నాయి. ఎవరో లోపలికి వెళ్లి నా హ్యాండుబ్యాగు కూడా తెచ్చి ఒళ్లో పెట్టారు. చచ్చిపోతున్న మనిషి ముందు కూర్చుని కూడా సరే అనడానికే నోరు తెరిచాను. అలవాటైన అబద్ధం కదా, దానంతటదే గొంతులోకి వచ్చింది.

అప్పుడు ఊచ మీద ఉంగరం మోగింది. నీళ్లేమో అనుకుని వంగాను. ఆయన చెయ్యి లేపాడు. ఎముకలకు తోలు కప్పినట్టున్న చెయ్యి. నా బొట్టు అంచున గోరు పెట్టాడు. ఒక్కసారికి రాలేదు. మళ్లీ గోరు పెట్టి లేపాడు. తీసిన బొట్టును వేలి చివర పట్టుకుని, నా ఒళ్లోని బ్యాగు వైపు చూశాడు. మూత నేనే తెరిచాను. ఇన్నేళ్ల ఆదివారాలన్నీ అక్కడున్నాయి. వాటి మధ్య చోటు వెతికి దాన్ని అంటించి, బొటనవేలితో నొక్కాడు. తర్వాత కళ్లు తిప్పి ఆ గదిలో వాళ్లందరినీ చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

ఆయనకు తెలుసు. అన్నేళ్లూ తెలిసే ప్యాకెట్లు తెచ్చిపెట్టాడు.

ఆడపడుచు గుండెలు బాదుకుంది. బతికి ఉన్న మొగుడు పెళ్లాం బొట్టు తీయడమేంటి, మా తమ్ముడికి మతి పోయిందని ఏడ్చింది. కుంకుమ తెమ్మని ఎవరో అరిచారు. పొట్లం విప్పారు. కుంకుమ అద్దిన వేలొకటి నా నుదుటి దాకా వచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"నేను వెళ్లేది గుడికి కాదు వదినా, చర్చికి. మా పాప పోయినప్పటి నుంచీ. నేను యేసుప్రభువును నమ్ముకున్నాను. ఈయనకు తెలుసు" అన్నాను.

ఇన్నేళ్లు దాచిన మాట అంత చిన్న గొంతుతో వచ్చింది, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు. గుమ్మంలోంచి ఒకావిడ, "మరి మా కొబ్బరికాయలు?" అంది. కొట్టించాను, అందరివీ కొట్టించాను అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన నిజాల్లో ఆ ఒక్కటీ ఎవరూ నమ్మలేదు. అత్తమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది.

భయం పోతే దాని చోట ధైర్యం వచ్చి కూర్చుంటుందనుకున్నాను. సాక్ష్యాలు చెప్పేవాళ్లు అలాగే చెబుతారు, గుండె తేలికైపోయిందని, శాంతి నిండిందని. నాకు అవేమీ రాలేదు. భయం ఉన్న చోటు ఖాళీ అయింది, అంతే.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. సాయంత్రం అందరూ వెళ్లాక ఆడపడుచు నా ముందు కూర్చుని నా కాళ్లు పట్టుకుంది. నాకన్నా పెద్దది. "నువ్వే దేవుణ్నన్న మొక్కుకో, నేనేమనను. మా తమ్ముని పానం ఉన్నంతసేపన్న నొసట బొట్టుంచుకో" అంది. ఇది మంది మాట కాదు, తమ్ముణ్ని కళ్లల్లో పెట్టుకున్న అక్క మాట. పెడితే ఇంకొన్నాళ్లు ఉంటాడేమో అని నాకూ అనిపించింది. ఇప్పటికీ కొన్నిసార్లు అనిపిస్తుంది, ఎవరికీ చెప్పను. ఆయన వైపు చూశాను. తల అడ్డంగా కదిపాడు. పెట్టలేదు.

అలా ఆ మంచం పక్కన, బతికి ఉన్న భర్త పక్కన, ఖాళీ నుదురుతో కూర్చున్నాను. పొద్దున్నే కళ్లు తెరిచి ముందు నా నుదురు చూసేవాడు. ఒప్పుకున్నాను కదా ప్రభువా అని లోపల అడుగుతూనే ఉన్నాను. బేరమాడవద్దన్న అక్క మాట గుర్తుంది గానీ ఆశ కుక్కలాంటిది, కొట్టినా వస్తుంది. వారం తిరక్కముందే ఆయన పోయాడు. ఊచ మీద ఉంగరం మోగుతుందని తర్వాత కూడా చెవి అటే వేసి ఉంచాను.

బొట్టు ముందే తీసి మొగుణ్ని మింగింది అన్నారు. శవం ఇంట్లో ఉండగానే అన్నారు, నాకు వినపడేట్టే అన్నారు. నా జీవితమంతా మంది ఏమంటారో అని వణికాను, వాళ్లు ఇంత మాట అనగలరని మాత్రం ఊహకు రాలేదు. ఇంతకన్నా పెద్ద మాట ఇక వాళ్ల దగ్గర కూడా లేదు.

అక్క, పాస్టరయ్య, చర్చివాళ్లు కొందరు వచ్చారు. టెంటు కింద కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోమనలేదు, రోడ్డు మీదే నిలబడ్డారు. నేను లేచి వెళ్లి అక్క చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టాను. మా వాళ్లు ఒక్కొక్కరే లేచి బయటికి వెళ్లిపోయారు. అత్తమ్మ ఒక్కతే మూలన మిగిలింది. మోకాళ్ల నొప్పులకు లేవలేక అనుకున్నాను. తలకొరివి ఆయన బాబాయి కొడుకు పెట్టాడు.

పాస్టరయ్యను తర్వాత అడిగాను, ఈయన ఎక్కడికి వెళ్లినట్టు అని. తల దించుకున్నాడు. మంచివాడు, అబద్ధం చెప్పలేదు. మా ఆయన ఒక్కరోజు కూడా ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు, ఒక్క ప్రార్థన చేయలేదు. చేసిందల్లా నా భయాన్ని తన గోటితో లేపి తీయడం. అది చాలదా అని ప్రతి ఆదివారం దేవుణ్ని అడుగుతున్నాను. జవాబు లేదు. అడగడం మాననని మాత్రం చెప్పాను.

వాగులో బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు బస్సులో కిటికీ సీటు దొరక్కపోయినా నాకు ఇబ్బంది లేదు. పక్క సీటు ఆవిడ నా నుదురు చూసి, ఎప్పుడు పోయిండమ్మా అని జాలిగా అడుగుతుంది. చెబుతాను. నేను యేసు మనిషినని చెప్పడానికి దాచుకున్న నుదురు ఇప్పుడు మా ఆయన చావు వార్తే చెబుతోంది. అది విశ్వాసి నుదురుగా ఉన్న ఆ నాలుగు రోజులు కూడా ఆయన ఇచ్చినవే. వీధిలో ఎవరూ కొబ్బరికాయలు తేరు. శుభకార్యాలకు పిలుపులు లేవు. విధవరాలినని మానేశారో, క్రైస్తవురాలినని మానేశారో అడిగే దిక్కు కూడా లేదు.

పెద్దకర్మ నాటి సంగతి ఒకటి మిగిలింది. తెల్లవారుతుండగానే ఆడపడుచు, చుట్టాల్లో పెద్ద ఆడవాళ్లు పళ్లెం పట్టుకుని నా గదిలోకి వచ్చారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు, గాజులు. చివరిసారిగా అన్నీ పెట్టి, తర్వాత తీసేయాలి. గాజులు పగలగొట్టాలి, బొట్టు చెరపాలి. నా నుదుట చెరపడానికి ఏమీ లేదు కాబట్టి ముందు పెట్టాలి. పెట్టకపోతే కర్మ పూర్తి కాదు, తమ్ముడి ఆత్మ తిరుగుతుందని ఆడపడుచు ఏడుస్తోంది. బయట టెంటు కింద అందరూ కూర్చున్నారు, ఏమంటారో అంది ఇంకొకావిడ.

"ఆయన తీసిన బొట్టు ఇది. మళ్లీ పెట్టి మీరు తీయొద్దు" అన్నాను.

నా భుజాలు పట్టుకున్నారు. పెనుగులాడటానికి నాలో ఓపిక లేదు. కళ్లు మూసుకున్నాను. అంతలో గోడ పట్టుకుని నడుచుకుంటూ అత్తమ్మ వచ్చింది. నేను ఆ మాట చెప్పిన రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. వచ్చి కూతురి చేతిలోంచి పళ్లెం లాక్కుంది.

"దానిది వాడే తీసిండు. నాది మంది తీసిన్రు. పెట్టకుండ్రి" అంది.

పళ్లెం పట్టుకుని అక్కడే గడప మీద కూర్చుంది, ఎవరూ దాటకుండా. ఎంతసేపటికో లేచింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. దాహంగా ఉంటుందని గ్లాసుతో నీళ్లు తెచ్చాను. గ్లాసు వైపు చూసి, దాన్ని అక్కడే వదిలేసి, పెరట్లోకి పోయి పంపు కింద దోసిలి పట్టి తాగింది. ఇప్పటికీ నాతోనే ఉంటోంది. నా చేతి నీళ్లు తాగదు.